వాల్యూమ్ నాబ్ రెండు దాటని యాంప్

మొన్న రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు గిటార్ పట్టి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ ఒక చిన్న ప్రాక్టీస్ యాంప్‌తో నెట్టుకొచ్చాడు, ఇక ట్యూబ్ యాంప్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో గిటార్ సౌండ్ పెంచే యాంప్లిఫయర్) కొనాల్సిందేనని పట్టుబట్టి కూర్చున్నాడు. "మామయ్యా, వంద వాట్ల హెడ్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. నాలుగు స్పీకర్ల క్యాబినెట్ కూడా దాంతోపాటే ఇస్తారట. తీసేసుకోనా?" అన్నాడు. హెడ్ అంటే స్పీకర్ లేని యాంప్, క్యాబినెట్ అంటే స్పీకర్లు బిగించిన పెట్టె. వాడి గొంతులో సంబరం వింటుంటే వద్దనడానికి నోరు రాలేదు. "రెండ్రోజులు ఆగరా, కూర్చుని రాసి పంపిస్తాను" అన్నాను. రాయడం మొదలుపెట్టాక అది వాడొక్కడికి పంపే మెసేజ్‌లా మిగల్లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నా మొదటి ట్యూబ్ యాంప్ 40 వాట్లది. రెండు 6ఎల్6 పవర్ ట్యూబులు, రెండు పన్నెండంగుళాల స్పీకర్లు, 28 కిలోల బరువు. దాన్ని మొదటిసారి విన్నది ఒక పెద్ద ఖాళీ హాల్లో. ఒక్క 'ఇ మైనర్' (E minor) కార్డ్ కొడితే హాలంతా నిండిపోయింది. అక్కడికక్కడే నిర్ణయం జరిగిపోయింది. ఇంటికి తెచ్చాక అసలు సంగతి తెలిసింది. నాబ్ 1 మీద ఉంటే దోమ రొదలా ఉండేది. 2 దగ్గరికి వచ్చేసరికి కిటికీ అద్దాలు గలగలమనేవి. ఆ రెంటి మధ్య గోరు మందం జాగాలోనే నేను వాయించుకోవాలి. రాత్రిపూట సరిగ్గా ఎక్కడ ఆపాలో తెలియడానికి నాబ్ పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీసుకున్నాను. మూడేళ్లలో నాబ్ ఆ గీత దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆ మూడేళ్లూ నా సౌండ్ నాకెందుకు నచ్చడం లేదో అర్థమయ్యేది కాదు. స్ట్రింగ్స్ మార్చాను. తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌ల ఎత్తు సరిచేశాను. ఒకదాని తర్వాత ఒకటి, సౌండ్ మార్చే పెడల్స్ కొన్నాను. ఇన్ని చేసినా ఆ హాల్లో విన్న ప్రాణం మా గదిలోకి రాలేదు. యాంప్ చెడిపోయిందేమో అని కూడా అనుకున్నాను. దానికి ఏ రోగమూ లేదు. ట్యూబ్ యాంప్‌లో మనం డబ్బు పోసి కొనేది ట్యూబులకు పని తగిలినప్పుడే బయటికొస్తుంది, నా గదిలో ఆ పవర్ ట్యూబులకు ఏనాడూ పని తగల్లేదు. అంతే.

ఇది కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే మిగతా ఎంపిక అంతా దీని మీదే నిలబడి ఉంది. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని ముందుగా 12ఏఎక్స్7 లాంటి ప్రీయాంప్ ట్యూబులు పెంచుతాయి. టోన్ నాబులు దాని రూపం దిద్దుతాయి. ఆ తర్వాత పవర్ ట్యూబులు అందుకుని, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్పీకర్‌ను కదిలిస్తాయి. ఈ దారిలో ఏ ట్యూబైనా తన హద్దుకు చేరువైనప్పుడు సిగ్నల్ శిఖరాలను టక్కున కోసెయ్యదు, కొంచెం కొంచెంగా అణుస్తూ పోతుంది. అందుకే మెత్తగా మీటితే స్వరం తేటగా ఉంటుంది, పిక్‌తో కాస్త బలంగా కొడితే అంచుల్లో గరగర మొదలవుతుంది, గిటార్ మీది వాల్యూమ్ తగ్గిస్తే మళ్లీ తేటపడుతుంది. చేతికీ చెవికీ మధ్య జరిగే ఈ మాటామంతీ కోసమే నేను ఇంత బరువునూ ఇంత వేడినీ భరిస్తూ ట్యూబుల దగ్గరే ఉండిపోయాను. 40 వాట్ల యాంప్ ఒకటిన్నర దగ్గర ఉన్నప్పుడు ఈ మాటామంతీ ఉండదు. తేటైన స్వరం ఉంటుంది, బాగానే ఉంటుంది, కానీ చేతికి అది బదులు పలకదు.

ఇక వాట్ల లెక్క. మనందరం మొదట తప్పటడుగు వేసేది ఇక్కడే. వాట్లు రెట్టింపైతే సౌండ్ కూడా రెట్టింపవుతుందని అనుకుంటాం. చెవి అలా వినదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే "కాస్త పెరిగిందే" అనిపించేంత. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే వాట్లు దాదాపు పది రెట్లు కావాలి. కాబట్టి మావాడు కొంటానంటున్న వంద వాట్ల హెడ్, స్పీకర్లు ఒకే రకమైతే, పది వాట్ల యాంప్ కంటే సుమారు రెట్టింపు గట్టిగా మాత్రమే వినిపిస్తుంది. దీన్నే తిరగేసి చూడండి: పది వాట్లది కూడా ఆ రాక్షసిలో సగం గట్టిగా మోగుతుంది. ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి వాయించుకునే సౌండ్‌కి ఒక వాట్‌లో చిన్న ముక్క చాలు.

మరి వంద వాట్లు ఎవరి కోసం పుట్టాయి? 1950ల చివర్లో ఇంగ్లండ్‌లో వాక్స్ కంపెనీ ఏసీ15 తెచ్చింది. రెండు ఈఎల్84 ట్యూబులు, 15 వాట్లు. ఎలక్ట్రిక్ గిటార్ బ్యాండ్లు పెద్ద హాళ్లకు ఎక్కేసరికి అది చాలక ఏసీ30 వచ్చింది. 1965 నాటికి ద హూ అనే రాక్ బ్యాండ్‌కు చెందిన పీట్ టౌన్‌షెండ్, జాన్ ఎంట్విజిల్ ఇంకా గట్టిగా కావాలని యాంపులు తయారుచేసే జిమ్ మార్షల్‌ని అడిగితే వంద వాట్ల మార్షల్ తయారైంది. అప్పట్లో గిటార్ యాంప్ ముందు మైక్ పెట్టి హాలు స్పీకర్లలోకి పంపే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. హాలు చివరి వరస దాకా వినిపించే భారం యాంప్ మీదే ఉండేది. చిత్రంగా, ఈ రోజుకీ గిటార్ యాంపుల ముందు ఎక్కువగా కనిపించే షుర్ ఎస్ఎం57 మైక్ బయటికొచ్చింది కూడా 1965లోనే. ఆ మైక్ మన ముందు ఉన్నప్పుడు చివరి వరసకి వినిపించే పని హాలు స్పీకర్లది. రాక్ గాయకుడు, గిటారిస్టు నీల్ యంగ్ దశాబ్దాలుగా పెద్ద పెద్ద వేదికల మీద వాయిస్తున్నది 1959 నాటి ఫెండర్ కంపెనీ డీలక్స్ యాంప్ మీద. దాని పవర్ 20 వాట్ల లోపలే ఉంటుంది. స్టేజీ కోసమైనా సరే, వంద వాట్లు కొనాల్సిన అవసరం చాలామందికి లేదు.

సరే, పెద్దది తప్పయింది కదా అని నేను మరీ చిన్నదానికి వెళ్లాను. ఐదు వాట్లు. ఒక 12ఏఎక్స్7, ఒక 6వీ6, ఎనిమిదంగుళాల స్పీకర్. పాత ఫెండర్ చాంప్ పద్ధతిలో కట్టిన యాంప్ అది. ఒకటే వాల్యూమ్ నాబ్, ఇంకేమీ లేవు. దాన్ని తెచ్చిన రోజు నాకింకా గుర్తుంది. నాబ్ 6 దాకా తిప్పి 'ఏ' (A) అనే కార్డ్ కొట్టాను. నిండుగా పలికి, ఆరిపోతూ ఆరిపోతూ గరగర తగ్గి, చివరికి తేటగా మిగిలింది. మూడేళ్లుగా వెతికింది అదే. ఆ సాయంత్రం ఏ పెడలూ ముట్టుకోలేదు.

కానీ ఐదు వాట్లంటే ఇంటికి సరిపడే సౌండ్ అనుకుంటే పొరపాటే. లెక్క చూడండి. స్పీకర్‌కి సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది, ఒక వాట్ ఇస్తే మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెప్పేది. 95 ఉన్న స్పీకర్‌కి ఐదు వాట్లిస్తే మీటర్ దూరంలో 102 డెసిబెల్స్. చెవుల రక్షణకు అమెరికాలోని నియోష్ సంస్థ చెప్పే హద్దు రోజుకి 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మనకున్నది పదిహేను నిమిషాలే. గిటారిస్టుకి చెవికి మించిన పనిముట్టు లేదు. ఈ మాట మావాడికి ఫోన్లో చెబితే "ఆఁ ఆఁ" అన్నాడు. అందుకే ఇక్కడ అంకెలతో సహా రాస్తున్నాను.

ఆ చిన్న యాంప్‌ని ఒకరోజు డ్రమ్స్ ఉన్న గదికి తీసుకెళ్లాను. స్నేహితులతో వారానికోసారి కూర్చునే రిహార్సల్. గరగర ఉన్న పాటల్లో పర్వాలేదు, వినిపించింది. తేటగా వాయించాల్సిన పాట వచ్చేసరికి ఇబ్బంది మొదలైంది. వాల్యూమ్ తగ్గిస్తే తేటగా ఉంది కానీ డ్రమ్స్‌లోని సింబల్స్ (లోహపు పళ్లేలు) కింద కప్పబడిపోయింది, పెంచితే వినిపించింది కానీ గరగర వచ్చేసింది. దీన్నే గిటారిస్టులు హెడ్‌రూమ్ లేకపోవడం అంటారు. తేటగా ఉంటూనే ఎంత గట్టిగా మోగగలదన్నదే హెడ్‌రూమ్. వాట్లు నిజంగా కొనుక్కునేది ఈ హెడ్‌రూమ్ కోసమే. మీరు జాజ్ వాయించేవాళ్లయినా, సౌండ్ అంతా పెడల్స్‌తో తయారుచేసుకుని యాంప్‌ని తేటగా ఉంచుకునేవాళ్లయినా ఎక్కువ వాట్లు కావాలి. యాంప్ గరగరే మీ స్వరమైతే తక్కువ చాలు.

ఆ రోజు మా బేస్ గిటారిస్టు ఒక మాటన్నాడు: "దాన్ని ఆ మూలనున్న క్యాబినెట్‌కి తగిలించి చూడు." ఆ గదిలో పన్నెండంగుళాల స్పీకర్ ఉన్న క్యాబినెట్ ఒకటి ఉంది. వెనక ఓమ్స్ (స్పీకర్ కరెంట్‌కి ఇచ్చే అడ్డు, ఇది యాంప్‌కీ స్పీకర్‌కీ సరిపోవాలి) చూసుకున్నాను, క్యాబినెట్ 8, నా యాంప్‌కి 8 జాక్ ఉంది. స్విచ్ ఆపి, తీగ మార్చి, మళ్లీ వేశాను. అదే ఐదు వాట్లు, అదే నాబ్. గదిలో అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బేస్ వచ్చింది, మధ్య స్వరాలకి కండ పట్టింది, అన్నిటికంటే ముఖ్యంగా డ్రమ్స్ పక్కన నిలబడింది. 93 డెసిబెల్స్ స్పీకర్ నుంచి 99 డెసిబెల్స్ స్పీకర్‌కి మారితే 6 డెసిబెల్స్ లాభం, అంటే వాట్లు నాలుగు రెట్లు పెంచినట్టే. యాంప్ ఎంచుకునేటప్పుడు ట్యూబుల పేర్లు అడిగేవాళ్లని చాలామందిని చూశాను. స్పీకర్ ఏమిటని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే యాంప్ స్వరంలో స్పీకర్ వాటా ట్యూబ్ బ్రాండ్ వాటా కంటే చాలా చాలా ఎక్కువ. ట్యూబ్ బ్రాండ్ మారిస్తే తెలిసేది కళ్లు మూసుకుని వెతుక్కోవాల్సిన తేడా. స్పీకర్ మారిస్తే పక్కగదిలో ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ట్యూబ్ యాంప్‌ని స్పీకర్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేసి వాయించకూడదు. ఆ శక్తి పోవడానికి చోటు లేక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్‌కి వాడే తీగ కూడా స్పీకర్ తీగే అయ్యుండాలి, గిటార్ తీగ కాదు. రెండింటి చివర జాక్ ఒకేలా ఉంటుంది కాబట్టి పొరబడటం తేలిక.

ప్రస్తుతం నేను రోజూ వాయించేది 15 వాట్ల కాంబో, అంటే యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్నది. రెండు 6వీ6లు, ఒక పన్నెండంగుళాల స్పీకర్, స్ప్రింగ్ రెవెర్బ్ (స్ప్రింగులతో ప్రతిధ్వని కలిపేది), మాస్టర్ వాల్యూమ్, 16 కిలోలు. ఒక చేత్తో ఎత్తి కారులో పెట్టుకోగలను, రెండో చేతిలో గిటార్ ఉంటుంది. ఇది చిన్న సంగతి అనుకోకండి. 28 కిలోల యాంప్ ఉన్నప్పుడు మెట్లు తలుచుకుని నేను మానుకున్న రిహార్సళ్లు ఉన్నాయి. నడుం నొప్పి వచ్చాక ఆ యాంప్ గది మూలలో దుప్పటి కప్పుకుని ఏడాది కూర్చుంది.

మాస్టర్ వాల్యూమ్ గురించి కాస్త చెప్పాలి. ఇది ఉన్న యాంప్‌లో ముందు గెయిన్ నాబ్ పెంచి ప్రీయాంప్ ట్యూబులను కష్టపెట్టి, తర్వాత మాస్టర్‌తో బయటికొచ్చే సౌండ్ తగ్గించుకోవచ్చు. అయితే ప్రీయాంప్ ట్యూబుల గరగర వేరు, పవర్ ట్యూబుల గరగర వేరు. మొదటిది కాస్త సన్నగా, కందిరీగలా ఉంటుంది. రెండోది నిండుగా, చేతికి మెత్తగా తగులుతుంది. కొన్ని యాంపుల్లో మాస్టర్ బాగా తగ్గిస్తే స్వరం ఎండిపోతుంది, కొన్నిట్లో చాలా కిందిదాకా నిలబడుతుంది. కాగితం మీద రెండింటికీ "మాస్టర్ వాల్యూమ్" అనే ఉంటుంది. కాబట్టి కొనేముందు మీ సొంత గిటార్ తీసుకెళ్లండి. ముందుగా ఇంట్లో వాయించే సౌండ్ దగ్గర పెట్టి వినండి. పక్కనున్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగేంత సౌండ్. అక్కడ కనీసం పావుగంట వాయించండి. ఆ తర్వాతే పెంచి చూడండి. అందరం దీన్ని తిరగేసి చేస్తాం, ముందు పెంచి మైమరిచిపోతాం. నేను ఆ హాల్లో చేసింది అదే.

మాస్టర్ నాబ్ కదిల్చేటప్పుడు అది ఎలా ఎక్కుతుందో చూడండి. 1 నుంచి 2కి వెళ్లేలోపే సౌండ్ ఎగిరి దూకితే ఇంట్లో వేగలేం. మెల్లగా, దారం లాగినట్టు పెరగాలి. ఇది ఏ స్పెక్ షీట్‌లోనూ రాసి ఉండదు, రోజూ వాయించేవాడికి మాత్రం ప్రాణాధారం. అలాగే గిటార్ వాల్యూమ్ సున్నా చేసి యాంప్ ఎంత రొద పెడుతోందో వినండి. హాల్లో వినిపించని హమ్ నిశ్శబ్దమైన పడగ్గదిలో చెవులు తినేస్తుంది.

అటెన్యుయేటర్ అని ఇంకో దారి ఉంది. యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టే పెట్టె. పవర్ ట్యూబులు పూర్తిగా పనిచేస్తూనే ఉంటాయి, ఆ శక్తిలో చాలా భాగాన్ని ఇది వేడిగా మార్చేసి మిగిలిన కొంచెం స్పీకర్‌కి పంపుతుంది. 20 డెసిబెల్స్ తగ్గిస్తే 15 వాట్లలో స్పీకర్‌కి చేరేది 0.15 వాట్. నేను ఒకటి వాడుతున్నాను, ఓమ్స్ యాంప్‌కి సరిపోయేది, స్పీకర్ స్వభావాన్ని అనుకరించే రియాక్టివ్ రకం. బాగుంది. కానీ పూర్తిగా అదే సౌండ్ అనుకోకండి. ఒకటి, స్పీకర్ కోన్ అంత బలంగా కదలదు కాబట్టి దాని వంతు స్వరం రాదు. రెండు, మన చెవే తక్కువ సౌండ్‌లో బేస్‌నీ బాగా పైస్వరాలనూ తక్కువ వింటుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే రాత్రి వాయించేటప్పుడు బేస్, ట్రెబుల్ నాబులు పగటికంటే కాస్త ఎక్కువ పెట్టుకుంటాను. రిహార్సల్‌కి వెళ్లగానే మొదట చేసే పని వాటిని తగ్గించడం. లేకపోతే నా మధ్య స్వరాలు బేస్ గిటార్‌కీ సింబల్స్‌కీ మధ్య నలిగి కనబడకుండా పోతాయి. పగలంతా అటెన్యుయేటర్‌తో పూర్తి వాల్యూమ్‌లో వాయిస్తే పవర్ ట్యూబులు త్వరగా అరుగుతాయి, అది కూడా మనసులో ఉంచుకోవాలి.

స్వరం రకం మాట పెద్దగా సాగదీయను, ఎందుకంటే అది ఎవరి చెవికి వాళ్లదే. 6వీ6తో ఫెండర్ దారిలో కట్టినవి తేటగా, గుండ్రంగా, మధ్య స్వరాలు కొంచెం వెనక్కి తగ్గి ఉంటాయి. ఈఎల్84తో వాక్స్ దారివి మిలమిలమంటాయి, త్వరగా గరగరకి వస్తాయి. ఈఎల్34తో మార్షల్ దారివి మధ్య స్వరాలు ముందుకు తోసి గర్జిస్తాయి. ఇవి మోటు గీతలే. మార్షల్ మొదటి యాంప్ జేటీఎం45 ఫెండర్ బాస్‌మ్యాన్ యాంప్ సర్క్యూట్ చూసి కట్టిందే, కాబట్టి గోడలు అంత ఎత్తుగా ఏమీ లేవు. మీరు ఎక్కువగా వినే గిటారిస్టులు ఏ దారిలో ఉన్నారో చూసుకుంటే మీ చెవి ఎటు మొగ్గుతుందో మీకే తెలుస్తుంది.

ట్యూబ్ అంటే రిపేర్ల టెన్షన్ అని భయపడేవాళ్లకి ఒక రాత్రి సంగతి చెప్తాను. పోయిన చలికాలం, నెమ్మదైన పాటేదో వాయిస్తుంటే రెండో తీగ మీద ఒక స్వరం దగ్గర, నేను ఆపాక కూడా, వెనకనుంచి సన్నటి గంట మోత. గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా, యాంప్ పైకప్పు తడితే టింగుమంటోంది. ఒక చెక్క పెన్సిల్ తీసుకుని, యాంప్ ఆన్‌లోనే ఉంచి, వెనకనుంచి ఒక్కో ప్రీయాంప్ ట్యూబ్‌ని రబ్బరు వైపుతో మెల్లగా తట్టాను. రెండోది, మూడోది టక్ అని ఊరుకున్నాయి. ఇన్‌పుట్‌కి దగ్గరగా ఉన్న మొదటిది తట్టగానే స్పీకర్లోంచి గుడి గంట కొట్టినట్టు మోగింది. ట్యూబ్ లోపలి భాగాలు వదులై, అది మైక్‌లా కదలికలన్నీ వినిపించడం మొదలుపెట్టింది. స్విచ్ ఆపాను, ప్లగ్ తీశాను, గాజు చల్లారేదాకా ఆగాను. కవచం తిప్పి తీసి, ట్యూబ్‌ని మెల్లగా ఊపుతూ నిటారుగా లాగి, డ్రాయర్లో ఉంచుకున్న కొత్త 12ఏఎక్స్7 పిన్నులు చూసుకుంటూ పెట్టాను. మళ్లీ ఆన్ చేస్తే ఆ నారింజ వెలుగు నెమ్మదిగా పుట్టి, స్వరం తేటగా వచ్చింది. మొత్తం ఇరవై నిమిషాలు, అందులో పావుగంట చల్లారడానికే.

ప్రీయాంప్ ట్యూబులు ఇలా మనమే మార్చుకోవచ్చు. పవర్ ట్యూబుల దగ్గర మాత్రం యాంప్ ఫిక్స్‌డ్ బయాసా, క్యాథోడ్ బయాసా అని ముందే కనుక్కోండి (బయాస్ అంటే సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంట్ పారాలో నిర్ణయించే ఏర్పాటు). క్యాథోడ్ బయాస్ అయితే సరైన రకం, మంచి జత తెచ్చి పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. ఫిక్స్‌డ్ అయితే ట్యూబులు మార్చిన ప్రతిసారీ కొలిచి సరిచేయాలి, దానికి తెలిసిన టెక్నీషియన్ కావాలి. చాసీ (సర్క్యూట్ ఉండే లోపలి లోహపు పెట్టె) విప్పే పని మాత్రం మీరు పెట్టుకోవద్దు. లోపల 300, 400 వోల్టులు నడుస్తుంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంట్ నిలవ ఉండొచ్చు.

ట్యూబుల్లో అరుదైనవి వాడే యాంప్ వద్దంటాను. ఇప్పుడు గిటార్ యాంపులకి వచ్చే కొత్త ట్యూబులు చాలావరకు స్లొవేకియా, రష్యా, చైనాల్లోని కొద్దిపాటి ఫ్యాక్టరీల నుంచే. 2022లో రష్యా నుంచి సరఫరా తెగినప్పుడు మామూలు రకాలకే కటకట అయ్యింది. 12ఏఎక్స్7, 6వీ6, ఈఎల్84, 6ఎల్6, ఈఎల్34 — వీటిలో ఉన్నది తీసుకుంటే పదేళ్ల తర్వాత కూడా ఇబ్బంది తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో వేరే దేశం నుంచి వచ్చినదైతే వెనక వోల్టేజ్ చదవండి. 120 వోల్టులకి కట్టినదాన్ని 230లో పెట్టారంటే అంతటితో సరి.

డిలే, రెవెర్బ్ పెడల్స్ వాడేవాళ్లయి, గరగర యాంప్ నుంచే తెచ్చుకునేవాళ్లయితే ఎఫెక్ట్స్ లూప్ (ప్రీయాంప్ తర్వాత, పవర్ ట్యూబుల ముందు పెడల్స్ తగిలించే జాక్‌లు) ఉన్నది చూసుకోండి. యాంప్ ముందు పెడితే ప్రతిధ్వనులు కూడా గరగరలో పడి బురదైపోతాయి. మిగతావాళ్లకి లూప్ లేకపోయినా ఏ లోటూ లేదు.

ఇంకో మాట కూడా మనస్ఫూర్తిగానే చెప్తున్నాను. మీరు వాయించుకునే సమయం అర్ధరాత్రి ఒక్కటే అయితే, అదీ హెడ్‌ఫోన్స్‌లోనే అయితే, ట్యూబ్ యాంప్ కొనకండి. ఫెండర్ కంపెనీయే 2019లో తన డీలక్స్ రెవెర్బ్ యాంప్‌ని ట్యూబుల్లేకుండా డిజిటల్‌గా తెచ్చింది, దాని బరువు అసలుదానిలో దాదాపు సగం. వాటి మీద మంచి సంగీతం వాయిస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ట్యూబ్ యాంప్‌కి గదిలో గాలి కదిలించే అవకాశం రోజుకి అరగంటైనా దొరకాలి. అది దొరికేవాళ్లకే దాని ఖర్చూ బరువూ గిట్టుబాటు అవుతాయి.

నిన్న రాత్రి మావాడికి మళ్లీ ఫోన్ చేశాను. వాట్లు, ట్యూబులు ఏమీ ఎత్తలేదు. "నువ్వు వాయించేటప్పుడు పక్కగదిలో ఎవరుంటారు?" అని అడిగాను.

"అమ్మమ్మ" అన్నాడు. మా అమ్మ. తొమ్మిదింటికల్లా పడుకుంటుంది.

"బ్యాండ్‌తో వాయించేది ఎన్నాళ్లకోసారి?"

కాసేపు లెక్కపెట్టుకున్నాడు. "నెలకి రెండుసార్లు, మామయ్యా. అక్కడ మైకులు ఉంటాయి."

"మరి మిగతా ఇరవై ఎనిమిది రోజులు?"

వాడేమీ అనలేదు. వంద వాట్ల హెడ్ అమ్మేవాళ్లకి ఇంకా అవునని చెప్పలేదని మాత్రం అన్నాడు. ఆదివారం గిటార్ తీసుకుని ఇంటికి రమ్మన్నాను. మాస్టర్ మూడు దగ్గర పెట్టి, యాంప్ వాడికి అప్పగించి, నేను పక్కగదిలో తలుపు వేసుకుని కూర్చుని వింటాను.